దీపావళికి మన వీధిలో టపాసులు కాల్చొచ్చా

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్ళు కొంచెం ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పక్క రూంలో పిల్లల డాన్స్ ప్రాక్టీస్ నడుస్తోంది, పాట మధ్యమధ్యలో వినిపిస్తుంది, పర్లేదు, నేను కాస్త గట్టిగా మాట్లాడతాను.

నేను పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, ఆరేళ్ళ నుంచి మా టౌన్ వాలంటీర్ ఫైర్ కంపెనీలో, అంటే మంటలార్పే దళంలో కూడా పని చేస్తున్నాను. అందుకని ప్రతి ఏడూ దసరా అవ్వగానే నా ఫోన్‌కి మెసేజ్‌లు మొదలవుతాయి, "అన్నా, ఇక్కడ టపాసులు కాల్చొచ్చా?" అని. ఆ "ఇక్కడ" అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. ఇక్కడ అంటే ఎక్కడండీ? అమెరికాలోనా, న్యూజెర్సీలోనా, మీ టౌన్‌షిప్‌లోనా, మీ టౌన్‌హౌస్ కమ్యూనిటీలోనా? ఒక్కోదానికి ఒక్కో జవాబు, అన్నీ ఔనంటేనే ఔను, ఒక్కటి కాదన్నా కాదే. నేను లాయర్ని కాదు, కానీ ఈ తప్పు నేనే చేసి ఫైన్ కట్టినవాణ్ణి, అందుకని ముందు ఆ సంగతే చెప్తాను.

2013 దీపావళి. అప్పటికి మా పాపకి మూడేళ్ళు. ఇండియాలో అయితే మా నాన్నగారు పండక్కి రెండ్రోజుల ముందే కాకరపువ్వొత్తులూ చిచ్చుబుడ్లూ డాబా మీద ఎండలో పెట్టేవారు, చెమ్మ పోవాలని. పాపకి అదేదీ తెలీకుండా పోతోందే అని మనసులో ఉండిపోయింది. ఆఫీసులో ఒకాయన చెప్పాడు, బ్రిడ్జి దాటి పెన్సిల్వేనియా వెళ్తే దొరుకుతాయని. వెళ్ళాను. డెలావేర్ నది దాటగానే పెద్ద షాపు, పార్కింగ్ లాట్‌లో సగానికి పైగా మన న్యూజెర్సీ నంబర్ ప్లేట్లే. కౌంటర్ దగ్గర లైసెన్స్ అడిగారు. నా ముందున్నాయనది పెన్సిల్వేనియా లైసెన్స్, ఆయనకి అమ్మం అన్నారు! నాది న్యూజెర్సీది చూసి సరే అన్నారు. నాకేమనిపిస్తుంది చెప్పండి, న్యూజెర్సీ వాళ్ళకి పర్మిషన్ ఉంది కాబట్టే ఇస్తున్నారు అనిపించింది. డబ్బు కట్టాను, రసీదు తీసుకున్నాను, ట్రంక్‌లో పెట్టుకుని ఇంటికొచ్చాను.

అసలు సంగతేంటంటే అప్పటి పెన్సిల్వేనియా చట్టం ప్రకారం బయటి స్టేట్ వాళ్ళకి అమ్మొచ్చు, సొంత స్టేట్ వాళ్ళకి మాత్రం పర్మిట్ లేకుండా అమ్మకూడదు. తీసుకుపోయి మీ స్టేట్‌లో ఏం చేసుకుంటారో మీ ఇష్టం, అది మా చట్టానికి సంబంధం లేదు, అంతే దాని అర్థం. ఇటు న్యూజెర్సీలో ఆ రోజుల్లో కాకరపువ్వొత్తి కూడా చెల్లదు. అంటే అటు అమ్మినవాడి తప్పు లేదు, ఇటు పట్టుకున్న నాది పూర్తిగా తప్పు. రాత్రి ఎనిమిదిన్నరకి మా కల్‌డిసాక్‌లో, అంటే అవతలికి దారి లేని వీధి చివర, నాలుగు చిచ్చుబుడ్లు వెలిగించి, ఒక తారాజువ్వ వదిలాను, పది నిమిషాల్లో పోలీస్ కారు వచ్చింది. పక్కింట్లో నెలల బిడ్డ ఉందట, వాళ్ళు భయపడి ఫోన్ చేశారు. ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు. డబ్బాలన్నీ తీసుకుపోయాడు, సమన్స్ రాసిచ్చాడు, మునిసిపల్ కోర్టుకి వెళ్ళి ఫైన్ కట్టాను. నేను రసీదు చూపించబోయాను ఆయనకి. ఆయన ఒక్క మాటన్నాడు, ఇది మీరు కొన్నారని చెప్తుంది, ఇక్కడ కాల్చొచ్చని చెప్పదు అని. ఆ మాట నేను మర్చిపోలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. 2021లో సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు ఎన్-400 ఫారంలో ఆ ప్రశ్న వచ్చింది, మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్ట్ చేశారా, సైట్ చేశారా, అంటే తప్పు చేశారని సమన్స్ లాంటి కాగితం ఇచ్చారా అని. లాయర్‌ని అడిగితే దాచొద్దు, రాయండి, కోర్టు నుంచి కేసు ముగిసిందన్న కాగితం తెచ్చి జత చేయండి అన్నారు. ఎనిమిదేళ్ళ కిందటి కాగితం కోసం అదే కోర్టు కిటికీ ముందు మళ్ళీ నిలబడ్డాను. అయిపోయింది, ఇబ్బందేం రాలేదు. కానీ ఈ హాల్లో వీసాల మీద ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఫైన్ ఎంత అన్నది కాదు అక్కడ లెక్క, మీ పేరు మీద ఒక కాగితం పుడుతుంది, అది మీకు సంజాయిషీ చెప్పే పని పెడుతుంది.

కాబట్టి మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. ఇక్కడ కొనొచ్చా, దాన్ని స్టేట్ లైన్ దాటించి తేవచ్చా, తెచ్చింది నేను నిలబడ్డ చోట వెలిగించొచ్చా. మన ఊళ్ళో మనం ఈ మూడూ ఒకటే అనుకుంటాం, బజార్లో అమ్ముతున్నారంటే కాల్చుకోవచ్చనే. ఇక్కడ అమ్మేవాడి చట్టం వేరు, కాల్చేవాడి చట్టం వేరు.

ఇంక ఫెడరల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫెడరల్ గవర్నమెంట్‌లో కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ అని ఉంది, ఏ టపాసు మామూలు జనానికి అమ్మొచ్చో, లోపల ఎంత మందు ఉండాలో వాళ్ళు చెప్తారు. నేల మీద పేలే టపాకాయలో పేలుడు మందు 50 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండు మూడు బియ్యపుగింజల బరువండీ అది, అంతే. మన లక్ష్మీబాంబు లాంటివి ఇక్కడ ఎందుకు దొరకవు అంటే ఇదే కారణం. ఎం-80, చెర్రీ బాంబ్ అని ఎవరైనా కారు డిక్కీలోంచి తీసి అమ్మితే ముట్టుకోవద్దు, వాటిని 1966లోనే ఈ దేశం మొత్తం మీద నిషేధించారు, వాటికి ఏ స్టేట్‌లోనూ మినహాయింపు లేదు. వత్తి కూడా లెక్కే, వెలిగించాక కనీసం 3 సెకన్లు, ఎక్కువంటే 9 సెకన్లలో లోపలికి అందుకోవాలని రూలు. డబ్బా మీద 1.4జి అని ఉంటే మామూలు జనం కోసం చేసింది, 1.3జి అంటే లైసెన్స్ ఉన్నవాళ్ళు షోలలో వాడేది, అది మన చేతికి రానే కూడదు.

ఆ 1.4జి చూసి, ఇది లీగల్ అని రాసుందిగా అంటారు. కాదండీ, అది ఫెడరల్ గవర్నమెంట్ అడ్డు చెప్పట్లేదని మాత్రమే, మీ స్టేట్ సంగతి దాని మీద రాసుండదు.

ఇప్పుడు మన న్యూజెర్సీ. 2017లో చట్టం మారింది. కాకరపువ్వొత్తులు, నేల మీద పెట్టి వెలిగిస్తే రవ్వలు చిమ్మేవి, అంటే మన చిచ్చుబుడ్డి జాతి, పాము బిళ్ళలు, పొగ వచ్చేవి, నేలకేసి కొడితే టప్పున పగిలే చిన్న ఉల్లిపాయల్లాంటివి, ఇవి 16 ఏళ్ళు నిండినవాళ్ళు కొనుక్కోవచ్చు, కాల్చుకోవచ్చు. పైకి ఎగిరేది ఏదైనా, పేలేది ఏదైనా ఇప్పటికీ చెల్లదు. తారాజువ్వలు, సీమటపాకాయల లడి, నిప్పు ఉండలు వదిలే రోమన్ క్యాండిల్, గొట్టంలో పెట్టి వదిలే షెల్స్, అన్నీ ఇందులోకే వస్తాయి. షాపులో తేడా ఎలా పట్టుకోవాలంటే డబ్బా మీద హెచ్చరిక చదవండి. చిచ్చుబుడ్డి లాంటి దాని మీద "ఎమిట్స్ షవర్స్ ఆఫ్ స్పార్క్స్" అని ఉంటుంది, రోమన్ క్యాండిల్ మీద "షూట్స్ ఫ్లేమింగ్ బాల్స్" అని ఉంటుంది. ఆ షూట్స్ అన్న మాట కనబడితే న్యూజెర్సీలో పక్కన పెట్టేయండి.

పెన్సిల్వేనియాలో కూడా అదే 2017లో మారింది, ఇప్పుడు అక్కడి వాళ్ళకీ అమ్ముతారు, 18 నిండాలి, మామూలు సేల్స్ టాక్స్ కాకుండా ఇంకో 12 శాతం కట్టాలి. మన వాళ్ళు ఫిలడెల్ఫియా చుట్టుపక్కల, హారిస్‌బర్గ్ వైపు చాలామంది ఉన్నారు, వాళ్ళనుకునేది ఏంటంటే ఇక్కడ అన్నీ ఓకే అని. అన్నీ ఓకే కాదు. పైకి ఎగిరేవీ పేలేవీ ఏ బిల్డింగ్‌కైనా, ఏ బండికైనా 150 అడుగుల లోపల కాల్చకూడదు, అది మీ సొంత ఇల్లైనా మీ సొంత కారైనా సరే. మీ బ్యాక్‌యార్డ్‌లో ఒకసారి టేపు పట్టి కొలవండి. టౌన్‌హౌస్‌లో అయితే 150 అడుగులంటే అటు నాలుగిళ్ళు ఇటు నాలుగిళ్ళు దాటిపోతుంది, అంటే కొనడానికి హక్కు ఉంది గానీ కాల్చడానికి చోటు లేదు. పైగా 2022లో టైమింగ్ పెట్టారు, పొద్దున పది నుంచి రాత్రి పది దాకా, జులై 4కీ కొత్త సంవత్సరానికీ కాస్త ఎక్కువ ఇచ్చారు. కాకరపువ్వొత్తులు, నేల మీద చిమ్మేవాటికి ఈ 150 అడుగుల రూలు లేదు, వాటిని వేరేగా చూస్తారు.

ఇప్పుడు మీ చుట్టాలున్న స్టేట్స్ సంగతి అడుగుతారని తెలుసు. మా బావగారు బోస్టన్ దగ్గర ఉంటారు, ఆయనకి నేను చెప్పింది ఒకటే, ఏదీ వద్దు. మసాచుసెట్స్‌లో కాకరపువ్వొత్తి కూడా చెల్లదు, దేశం మొత్తంలో అన్నీ నిషేధించిన స్టేట్ అదొక్కటే. అక్కణ్ణుంచి అరగంట పోతే న్యూహాంప్‌షైర్, బోర్డర్ పక్కనే షాపులు, అక్కడ కొనడం తప్పు కాదు, తిరిగి మసాచుసెట్స్‌లోకి తేవడం తప్పు. కాల్చకపోయినా, ట్రంక్‌లో ఉన్నా తప్పే. ఫైన్ 10 నుంచి 100 డాలర్లు, సరుకు సీజ్ చేస్తారు. అమ్మితే మాత్రం జైలు దాకా వెళ్తుంది, కాబట్టి నలుగురు కలిసి డబ్బులేసుకుని ఒకరు తెచ్చి పంచడం లాంటివి అస్సలు పెట్టుకోవద్దు.

కాలిఫోర్నియాది ఇంకో రకం. అక్కడ స్టేట్ ఫైర్ మార్షల్, అంటే అగ్నిప్రమాదాల సంగతి చూసే అధికారి, ఆయన ముద్ర ఉన్నవి, "సేఫ్ అండ్ సేన్" అంటారు వాటిని, అవి మాత్రమే చెల్లుతాయి, అవి కూడా ఆ సిటీ ఒప్పుకుంటేనే. ఫ్రీమాంట్‌లో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఫ్రీమాంట్ సిటీలో ఏ టపాసూ కుదరదు. ఆ ఊరి మధ్యలో నూవర్క్ అని చిన్న సిటీ ఉంది, చుట్టూ నాలుగు వైపులా ఫ్రీమాంటే, మధ్యలో ద్వీపంలాగా ఇది. నూవర్క్‌లో జులై 4కి సేఫ్ అండ్ సేన్ అమ్ముతారు, కాలుస్తారు. అంటే రోడ్డుకి ఇవతల ఇంట్లో చిచ్చుబుడ్డి పండగ, అవతల ఇంట్లో అదే చిచ్చుబుడ్డి నేరం. అడ్రస్‌లో సిటీ పేరు చూడకుండా జవాబు చెప్పలేం అనేది అందుకే. అమ్మకాలు కూడా జూన్ 28 మధ్యాహ్నం నుంచి జులై 6 మధ్యాహ్నం దాకానే, దీపావళికి అక్కడ స్టాల్ కనబడదు. కనబడకపోవడానికి కారణం కూడా ఉంది, అక్టోబర్ అంటే అక్కడ కొండల మీద గడ్డి ఎండిపోయి ఉండే కాలం, పొడి గాలులు వీచే కాలం.

టెక్సాస్ వాళ్ళు మాకు అన్నీ ఫ్రీ అనుకుంటారు. సిటీ లిమిట్స్ బయట, కౌంటీ రోడ్ల పక్కన పెద్ద పెద్ద స్టాల్స్ ఉంటాయి, నిజమే. కానీ ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, డాలస్, హ్యూస్టన్, ఇలా మన వాళ్ళుండే సిటీల లోపల కాల్చడం నిషేధం. స్టాల్ సిటీ లైనుకి ఇటువైపు, మీ ఇల్లు అటువైపు. సిటీ బయట కూడా స్కూలుకి, హాస్పిటల్‌కి, చర్చికి, డేకేర్‌కి 600 అడుగుల లోపల వద్దని స్టేట్ చట్టమే చెప్తుంది. కరువు ఎక్కువైతే కౌంటీ వాళ్ళు కొన్ని రకాల జువ్వల్ని ఆ సీజన్‌కి ఆపేయొచ్చు.

వాషింగ్టన్ స్టేట్‌లో బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సియాటెల్ మొత్తం నిషేధం. అక్కణ్ణుంచి ఉత్తరంగా టులాలిప్ తెగ వాళ్ళ నేల మీద బూమ్ సిటీ అని ప్రతి ఎండాకాలం పెద్ద బజారు పెడతారు, అక్కడ కొని అక్కడే వాళ్ళు చూపించిన చోట కాల్చుకోవడానికి ఇబ్బంది లేదు, స్టేట్ చట్టం ఒప్పుకోని రకాలు అక్కణ్ణుంచి బయటికి తెస్తే తప్పు. జార్జియా 2015 నుంచి తెరిచారు, అంతకు ముందు వాళ్ళు అలబామాకో సౌత్ కరోలినాకో పోయేవాళ్ళు, కానీ 2018 నుంచి కొన్ని పండగ రోజులు తప్పిస్తే మిగతా రోజుల్లో మీ సిటీ శబ్దం రూల్స్ వర్తిస్తాయి, ఆ పండగ రోజుల్లో దీపావళి లేదు. నార్త్ కరోలినాలో, కేరీ మోరిస్‌విల్ వైపు వాళ్ళకి, నేల వదిలి ఎగిరేవీ పేలేవీ కుదరవు. ఇల్లినాయ్ వాళ్ళు ఇండియానా పోయి తెచ్చుకుంటారు, తెచ్చుకుని దొరికిపోతారు, చికాగో సిటీలో కాకరపువ్వొత్తి కూడా వద్దు.

ఫ్లోరిడాది చెప్తే మీరు నమ్మరు. అక్కడ ఎన్నో ఏళ్ళు చట్టంలో ఒక మినహాయింపు ఉండేది, పొలాల మీదా చేపల పెంపకం చెరువుల మీదా వాలే పిట్టల్ని బెదిరించడానికి టపాసులు వాడుకోవచ్చని. జనం షాపులో కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళు, ఇలాంటి పనికేనని. పెద్ద పెద్ద షాపులన్నీ ఆ సంతకం మీదే నడిచాయి. 2020లో చట్టం మార్చి జులై 4, డిసెంబర్ 31, జనవరి 1, ఈ మూడు రోజులు మామూలుగానే కాల్చుకోవచ్చన్నారు. ఒహాయోలో కూడా ఇలాంటిదే, కొన్న సరుకు 48 గంటల్లో స్టేట్ దాటిస్తానని సంతకం పెట్టించుకునేవాళ్ళు. సంతకం పెట్టి ఇంటి వెనకే కాల్చేవాళ్ళు అందరూ. ఆ సంతకం అమ్మినవాణ్ణి కాపాడుతుంది, పెట్టినవాణ్ణి ఇరికిస్తుంది. ఏ షాపులోనైనా ఏ కాగితం మీదైనా సంతకం అడిగితే చదివి పెట్టండి.

ఒహాయో అన్నాను కాబట్టి, నాకు సంతోషం కలిగించే మాట ఒకటి చెప్తాను. 2021లో అక్కడ కొత్త చట్టం వచ్చింది, 2022 జులై 1 నుంచి అమల్లో ఉంది, ఏయే రోజుల్లో కాల్చుకోవచ్చో అందులో పేర్లు రాశారు. జులై 4 ఉంది, మెమోరియల్ డే ఉంది, చైనీస్ న్యూ ఇయర్ ఉంది, అందులోనే దీపావళి అని కూడా రాశారండీ. స్టేట్ చట్టంలో మన పండగ పేరు. అరిజోనా చట్టంలో దీపావళి రెండో రోజు, మూడో రోజు అని ఉంది. టెక్సాస్‌లో 2023లో దీపావళికి కూడా అమ్మకాలు పెట్టుకోవచ్చని చట్టం చేశారు, కౌంటీ కమిషనర్లు ఒప్పుకోవాలి. యూటాలో 2025లో చేశారు. ఇవి ఆకాశం నుంచి ఊడిపడలేదు, మన వాళ్ళలాంటి వాళ్ళు సెనేటర్ల ఆఫీసులకి వెళ్ళి కూర్చుని, మా పండక్కి షాపులు మూసుంటున్నాయండీ అని చెప్పుకుంటే వచ్చాయి.

అసలు బాధ అదే కదా. ఈ దేశంలో టపాసుల క్యాలెండర్ అంతా జులై చుట్టూ, జనవరి చుట్టూ తిరుగుతుంది. న్యూయార్క్ స్టేట్‌లో అమ్మకాలు జూన్ 1 నుంచి జులై 5, మళ్ళీ డిసెంబర్ 26 నుంచి జనవరి 2. మధ్యలో దీపావళికి కొందామంటే అమ్మేవాడు ఉండడు. న్యూయార్క్ సిటీలో అయితే స్కూళ్ళకి దీపావళి సెలవు ఇస్తున్నారు, కానీ ఆ సెలవు రోజు పిల్లాడి చేతిలో ఒక్క కాకరపువ్వొత్తి పెట్టకూడదు. మనకి నొప్పిగానే ఉంటుంది. అయితే ఇది మన పండగ మీద కోపంతో పెట్టింది కాదు, జులై 4కి కూడా అక్కడ అదే నిషేధం. ఇండియాలోనూ 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే అంది కదా. కావాలంటే అడిగి మార్పించుకోవాలి, ఒహాయో వాళ్ళలాగా. అన్నట్టు ఒహాయోలో కూడా సిటీ వద్దనొచ్చు, కొలంబస్ సిటీ వద్దనే అంది. స్టేట్ చట్టంలో దీపావళి పేరు చూసి కొలంబస్‌లో అగ్గిపుల్ల గీయకండి.

కాబట్టి స్టేట్ తర్వాత కౌంటీ, కౌంటీ తర్వాత సిటీ, ఆ తర్వాత హెచ్‌ఓఏ, అంటే మీ కమ్యూనిటీ ఇళ్ళ ఓనర్ల సంఘం. అపార్ట్‌మెంట్ అయితే లీజు కాగితం. పార్కులో అయితే పార్కు రూల్స్. గుడి పార్కింగ్ లాట్ మన సొంతం కాదు, అక్కడా అదే సిటీ చట్టం. ఎవరిని అడగాలి అంటే వాట్సాప్ గ్రూప్‌ని మాత్రం అడక్కండి. మీ టౌన్ ఫైర్ మార్షల్ ఆఫీసుకి పగలు ఫోన్ చేయండి, ఎమర్జెన్సీ నంబర్‌కి కాదు, మామూలు ఆఫీసు నంబర్‌కి. మీ అడ్రస్ చెప్పండి, తేదీ చెప్పండి, డబ్బా మీద పేరు చదివి వినిపించండి, ఇది కాల్చొచ్చా, ఎన్నింటిదాకా అని అడగండి. మేం ఆ ఫోన్ వస్తే సంతోషిస్తాం, నిజంగా చెప్తున్నాను. రాత్రి వచ్చే ఫోన్ కంటే పగలు వచ్చే ఫోన్ ఎంతో మేలు.

ఇప్పుడు కాకరపువ్వొత్తి గురించి ఒక్క నిమిషం ఎక్కువ తీసుకుంటాను. చాలా స్టేట్స్‌లో చెల్లుతుంది కాబట్టి, చెల్లుతుందంటే ప్రమాదం లేదని మనం అనేసుకుంటాం కాబట్టి. ఇదిగో, ఒకటి తెచ్చాను, వెలిగించనులెండి. ఈ తీగ చూడండి, బూడిద రంగు మందు పైన పూసి ఉంది, కింద నాలుగు వేళ్ళ మేర ఖాళీ తీగ, పట్టుకోవడానికి. మందు కాలేటప్పుడు దాదాపు 2,000 డిగ్రీల ఫారెన్‌హైట్ ఉంటుందని సేఫ్టీ కమిషన్ వాళ్ళు చెప్తారు, నీళ్ళు మరిగేది 212 దగ్గర. పిల్లలు రవ్వలున్నంతసేపు జాగ్రత్తగానే పట్టుకుంటారు, చెయ్యి చాపి పట్టుకుంటారు. ప్రమాదం ఆ తర్వాత. రవ్వలు ఆగిపోతాయి, ఎర్రగా ఉన్న తీగ మెల్లగా నల్లబడుతుంది, నల్లబడగానే పిల్లకి అది ఉత్త పుల్ల. గడ్డిలో పడేస్తుంది, ఇంకోటి కావాలని పరిగెత్తుకొస్తుంది, వెనకాల వచ్చే చంటివాడు చెప్పుల్లేకుండా దాని మీద అడుగేస్తాడు. నేను ఆ కాలు చూశానండీ, అరికాలి మీద గీత గీసినట్టు. ఇంకొకటి బట్టలు. నైలాన్ లంగా, నెట్ ఓణీ, అది అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మన అమ్మలు దీపావళి రాత్రి పాత నూలు బట్టలు వేసేవాళ్ళు, కొత్త బట్టలు పొద్దున్నే. ఆ పద్ధతి ఇక్కడ కూడా పెట్టుకోండి. 2024లో ఈ దేశంలో టపాసుల వల్ల 11 మంది చనిపోయారని, సుమారు 14,700 మంది దెబ్బలతో హాస్పిటళ్ళకి వచ్చారని ఆ కమిషన్ లెక్క కట్టింది.

మంటల సంగతి కూడా. 2017 సెప్టెంబర్‌లో ఒరెగాన్‌లో పదిహేనేళ్ళ కుర్రాడు ఒక పొగ బాంబు వెలిగించి లోయలోకి విసిరాడు, కొలంబియా నది గార్జ్‌లో. అది ఈగిల్ క్రీక్ మంట అయింది, దాదాపు 48,000 ఎకరాలు కాలిపోయాయి. 2018లో జడ్జి ఆ కుర్రాడు 3 కోట్ల 66 లక్షల డాలర్లు కట్టాలని తీర్పిచ్చాడు. ఎవరూ అంత కట్టలేరు, పదేళ్ళు వాయిదాలు కట్టుకుంటూ బుద్ధిగా ఉంటే తర్వాత ఆపొచ్చని దారి పెట్టారు. అయినా ఆ అంకె ఒక పిల్లాడి పేరు మీద రాసి ఉంది. మనం ఎప్పుడూ చేతికి దెబ్బ తగులుతుందా అనే చూస్తాం, పక్కవాడి కప్పు కాలితే ఆ ఖర్చు మన మీదకి వస్తుందని ఆలోచించం. చట్టం కాదన్న పని చేస్తూ మంట పెడితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఏమంటారో ముందే మీ పాలసీ తీసి చదువుకోండి.

మన అసోసియేషన్ వాళ్ళు ఈ ఏడు పెద్ద షో పెడదామంటున్నారు, అది మంచి ఆలోచన. లైసెన్స్ ఉన్న కంపెనీతో మాట్లాడాలి, టౌన్ పర్మిట్ తీసుకోవాలి, ఇన్సూరెన్స్ కాగితం పెట్టాలి, ఫైర్ వాళ్ళు వచ్చి చోటు చూస్తారు. వారం ముందు మొదలుపెడితే అవ్వదు, నెలల ముందే తిరగాలి. కానీ అలా చేస్తే వీధిలో దొంగతనంగా చేసే పని అక్కడ అందరం కలిసి, పక్కింటి అమెరికన్లని కూడా పిలిచి చూపించొచ్చు.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

ఇండియా నుంచి సూట్‌కేస్‌లో తెచ్చుకోవచ్చా అని అడుగుతున్నారు అక్కయ్య. వద్దమ్మా, క్యాబిన్ బ్యాగ్‌లోనూ వద్దు, చెకిన్‌లోనూ వద్దు, ఒక్క కాకరపువ్వొత్తి డబ్బా అయినా. విమానం లోపల టపాసులు ఏ రకమూ కుదరవు. పోస్టులో పంపించడం కూడా నిషేధమే. మీ అమ్మగారు ప్రేమతో బట్టల మడతల మధ్య పెట్టి పంపుతారు, నాకు తెలుసు, మీరే ముందు ఫోన్ చేసి చెప్పండి, సూట్‌కేస్ సర్దకముందే.

పెన్సిల్వేనియాలో మా అన్నయ్య ఇంట్లో కాల్చి ఖాళీ చేతులతో తిరిగొస్తే తప్పేనా అంటున్నారు ఆ బాబు. తప్పు కాదు, 150 అడుగుల చోటు ఉండాలి, ఆ స్థలం ఓనర్ ఒప్పుకోవాలి, పది లోపల అయిపోవాలి, ఆ బరోలో, అంటే ఆ చిన్న టౌన్‌లో, వేరే రూలు ఉందేమో చూసుకోవాలి. మిగిలినవి ట్రంక్‌లో వేసుకుని బ్రిడ్జి ఎక్కకండి, అంతే. మీ అన్నయ్య దగ్గరే వదిలేయండి.

చివర్లో కూర్చున్నవాళ్ళు అడుగుతున్నారు, వెలిగించినా అంటుకోని టపాసుల్ని ఏం చేయాలి అని. మళ్ళీ వెలిగించకండి, దాని మీదకి వంగి చూడకండి. ఇరవై నిమిషాలు దూరంగా వదిలేసి, బకెట్ నీళ్ళలో మునిగేలా వేసి రాత్రంతా ఉంచండి, పొద్దున్నే తడిగా ఉండగానే కవర్లో కట్టి చెత్తలో వేయండి. ఎండిపోయాక వేస్తే చెత్త బండిలో అంటుకున్న సందర్భాలకి మేమే వెళ్ళాం. బకెట్ ముందే నింపి పెట్టుకోవాలి, వెలిగించాక వెతుక్కోవడం కాదు. గుమ్మం దగ్గర దీపాలు పెట్టేటప్పుడే బకెట్ కూడా పెట్టేయండి, పిల్లలు కాలిన తీగ ప్రతిదీ అందులోనే వేయాలి, సుయ్ మని శబ్దం వస్తుంది కదా, మా పాపకైతే రవ్వల కంటే ఆ శబ్దమే ఇష్టంగా ఉండేది.